దొడ్డపేటె గుమాస్తా నుంచి బీకాం దాకా: బెంగళూరులో మనవాళ్ల డబ్బు చదువు

ఈసారి కాస్త పెద్ద పోస్టు. తీరిక లేనివాళ్లు రాత్రికి దాచుకోండి.

కిందటి ఆదివారం కార్యవర్గ సమావేశం అయ్యాక మన సభ్యులు ఒకరు నన్ను పక్కకు పిలిచారు. వాళ్లమ్మాయికి రెండో పీయూసీ సైన్సులో మంచి మార్కులు వచ్చాయి. సీఈటీలో ఇంజనీరింగ్ సీటు తప్పకుండా వచ్చే ర్యాంకు. పిల్లేమో బీకాం చేస్తాను, ఫైనాన్స్‌లోకి వెళ్తాను అని పట్టుబట్టి కూర్చుంది. "మా నాన్న హిందూపురంలో మండీలో లెక్కలు రాసి బతికాడండీ. ఆ పని నాకు తప్పాలనే అప్పు చేసి నన్ను ఇంజనీరింగ్ చదివించాడు. ఇప్పుడు ఇది మళ్లీ అక్కడికే పోతానంటుంది, నేనేం చెయ్యను?" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, దిగులుంది. నేను బ్యాంకులో చేసి రిటైరైనవాడిని కాబట్టి నన్నడిగారు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే విషయం కాదు, రాస్తానన్నాను. రాస్తుంటే ఇదొక చరిత్ర అయి కూర్చుంది.

మండీలో లెక్కలు రాయడం దగ్గరే మొదలుపెడతాను.

ఇప్పటి అవెన్యూ రోడ్డు పాత పేరు దొడ్డపేటె. దాని చుట్టూ చిక్కపేటె, బళేపేటె, తరగుపేటె, నగర్తపేటె. ఇక్కడి బట్టల కొట్లలో, ధాన్యం మండీల్లో, బంగారం అంగళ్లలో తెలుగు మాట తరతరాలుగా వినబడుతూనే ఉంది. అక్కడ డబ్బు చదువుకు కాలేజీ లేదు. కుర్రవాణ్ణి తీసుకొచ్చి గుమాస్తా పక్కన కూర్చోబెట్టేవారు, అంతే. రోజు జరిగిన ప్రతి బేరం చిట్టాలో రాయాలి. సాయంత్రం దాన్ని మనిషి మనిషికీ విడదీసి ఆవర్జాకు ఎక్కించాలి. రొక్కం నిల్వ పెట్టెలో ఉన్నదానితో సరిపోయేదాకా ఇంటికి పోకూడదు. ఇవాళ బీకాం మొదటి ఏడాదిలో జర్నల్, లెడ్జర్, క్యాష్ బుక్ అని చెప్పేది ఇంచుమించు అదే. పైగా అప్పుడు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. అంటే రూపాయిని 192 భాగాలు చేసి నోటితో లెక్క కట్టాలి. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాక ఆ ఎక్కాలన్నీ ఒక్కరోజులో పాతబడిపోయాయి.

ఒక్కటి మాత్రం పాతబడలేదు. మన ఊళ్లల్లో ఇప్పటికీ "రెండు రూపాయల వడ్డీ" అంటారు. నూటికి నెలకు రెండు రూపాయలు, ఏడాదికి 24 శాతం. బ్యాంకులో 7 శాతం, 8 శాతం అని వినే పిల్లలు రెండు రూపాయల వడ్డీ అంటే చవక అనుకుంటారు. నవ్వకండి, మా ఇంట్లోనే జరిగింది.

ఆ చదువు తక్కువదని నేననను. కానీ దానికొక హద్దుంది. ఆవర్జా యజమాని కోసం రాసేది. ఎవరు ఎంత బాకీ, సరుకు ఎంత మిగిలింది అని ఆయనకు తెలిస్తే చాలు. బయటివాళ్లకు చూపించే పని లేదు. డబ్బు ఒకరిది, దాన్ని నడిపేవాళ్లు ఇంకొకరు అయినప్పుడే చిక్కు. ఆ మూడోవాడికి, ఎక్కడో కూర్చుని వాటా కొన్నవాడికి, డిపాజిట్ వేసినవాడికి, నిజం చెప్పే లెక్క కావాలి. కామర్స్ అనే చదువు పుట్టింది అందుకే.

మన దేశంలో ఆ మలుపుకు ఒక సంవత్సరం చెప్పమంటే 1913 అంటాను. ఆ ఏడు కొత్త కంపెనీల చట్టం వచ్చింది, ఆడిటర్‌కు అర్హత ఉండాలని చెప్పింది. ఆ ఏడే బొంబాయిలో సిడెన్హామ్ కాలేజీ మొదలైంది, ఆసియాలోనే మొదటి కామర్స్ కాలేజీగా దానికి పేరు. ఆ ఏడే మన బెంగళూరులో, విశ్వేశ్వరయ్యగారు దివానుగా ఉండగా, బ్యాంక్ ఆఫ్ మైసూర్ పుట్టింది. చట్టం, చదువు, సంస్థ మూడూ ఒకే ఏడాది. ఆ బ్యాంకు తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ మైసూర్ అయి, 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసిపోయింది. అయినా ఆటో ఎక్కి "మైసూర్ బ్యాంక్ సర్కిల్" అంటే ఎవరూ మారు అడగరు.

ఇక మనవాళ్ల బ్యాంకు. వైశ్యా బ్యాంకు 1930లో ఈ బెంగళూరులోనే పుట్టింది. రిజర్వ్ బ్యాంకు 1935లో మొదలైంది కాబట్టి, దానికంటే ఐదేళ్లు పెద్దది. అప్పటికి మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకు పెట్టి ఏడేళ్లయింది. 1930 అంటే ప్రపంచమంతా మాంద్యం. ధరలు పడిపోయి రైతు, వ్యాపారి ఇద్దరూ కుదేలైన కాలం. అలాంటప్పుడు ఒక వ్యాపార కులం పేరు పెట్టుకుని బ్యాంకు తెరవడం చిన్న సాహసం కాదు. పేరు కులానిదే అయినా కౌంటరు అందరిదీ.

మన సభ్యుల్లో అరవై దాటినవాళ్లకు ఆ బ్యాంకు గుర్తుంటుంది. మా వీధిలో "వైశ్యా బ్యాంకులో ఉద్యోగం" అంటే పెళ్లి సంబంధాలకు సర్టిఫికెట్టులా ఉండేది. 1980లో రెండో విడత జాతీయకరణ జరిగి ఆంధ్రా బ్యాంకు, విజయా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు ప్రభుత్వానివయ్యాయి. వైశ్యా బ్యాంకు ప్రైవేటుగానే మిగిలి, ఆ దశకం మధ్యకల్లా ప్రైవేటు బ్యాంకుల్లో అన్నిటికంటే పెద్దది అనిపించుకుంది. 1996లో బెల్జియం బ్యాంకు బీబీఎల్‌తో పొత్తు. ఆ బీబీఎల్‌ను తర్వాత డచ్చి సంస్థ ఐఎన్‌జీ తీసుకుంది. 2002లో జీఎంఆర్ గ్రూపు తన వాటా ఐఎన్‌జీకి అమ్మింది, బోర్డు మీద పేరు ఐఎన్‌జీ వైశ్యా అయింది. 2015 ఏప్రిల్ 1న కోటక్ మహీంద్రాలో విలీనం. ప్రతి 1000 ఐఎన్‌జీ వైశ్యా షేర్లకు 725 కోటక్ షేర్లు ఇచ్చారు. 85 ఏళ్ల బ్యాంకును, 2003లో బ్యాంకు లైసెన్సు తెచ్చుకున్న సంస్థ కలిపేసుకుంది.

పేరు పోయిందని బాధపడేవాళ్లను చాలామందిని చూశాను. నాకూ బాధే. కానీ బ్యాంకు ఉద్యోగిగా ఒక మాట చెప్పాలి. మునిగిపోయి మూతపడిన బ్యాంకు వేరు, విలీనమైన బ్యాంకు వేరు. ఇందులో డిపాజిటర్ ఒక్క రూపాయి పోగొట్టుకోలేదు. 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు కూలినప్పుడు అలా కాలేదు. ఆ దెబ్బతోనే 1962లో డిపాజిట్లకు బీమా వచ్చింది. మొదట్లో మనిషికి 1,500 రూపాయలు. 1993లో లక్ష. 2020 ఫిబ్రవరి నుంచి 5 లక్షలు. ఈ అంకె దగ్గరికి మళ్లీ వస్తాను.

అప్పట్లో ఫైనాన్స్ చదివి ఉద్యోగానికి పోవడం అనేది లేదు. ఉద్యోగం ముందు, చదువు తర్వాత. బీఎస్సీ, బీఏ ఏదైనా సరే, పరీక్ష రాసి బ్యాంకులో చేరేవాళ్లం. చేరాక బ్యాంకర్స్ ఇన్‌స్టిట్యూట్‌వారి సీఏఐఐబీ పరీక్షలు. ఆ ఇన్‌స్టిట్యూట్ 1928 నుంచీ ఉంది. పగలు కౌంటరులో నోట్లు లెక్కపెట్టి, రాత్రి బ్యాంకింగ్ లా పుస్తకం ముందు కునుకు తీసేవాళ్లం. పాసైతే జీతంలో ఇంక్రిమెంటు కలిసేది. నిజం చెప్పాలంటే చాలామందికి ఇంక్రిమెంటే లక్ష్యం, చదువు దాని వెంట వచ్చిన కొసరు.

కాలేజీలు మెల్లగా వచ్చాయి. మైసూరు విశ్వవిద్యాలయం 1916ది. సెయింట్ జోసెఫ్స్ కాలేజీలో కామర్స్ విభాగం 1949లో మొదలై, 1972లో బ్రిగేడ్ రోడ్డులో విడి కాలేజీ అయింది. క్రైస్ట్ కాలేజీ 1969, ఐఐఎం 1973. అటు వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీ 1957లోనే ఎంబీఏ మొదలుపెట్టింది. వీటన్నిటికంటే పెద్ద మార్పు 1949 జూలై 1న వచ్చిన చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం అని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ చదువులో పుస్తకం సగం, ఆర్టికల్‌షిప్ సగం. ఒక ఆడిటర్ దగ్గర చేరి, వేరేవాళ్ల ఆఫీసుకు పోయి, వాళ్ల ఓచర్లు ఒక్కొక్కటే తిప్పి, బిల్లుతో పోల్చి, టిక్కు పెట్టడం. గుమాస్తా పక్కన కుర్రవాణ్ణి కూర్చోబెట్టిన పద్ధతే ఇది. తేడా ఒక్కటే. ఆ కుర్రవాడు యజమాని తరఫున రాసేవాడు, ఈ కుర్రవాడు యజమాని రాసినది నిజమా అని అడుగుతాడు. అప్పట్లో మూడేళ్లు ఉండే ఆర్టికల్‌షిప్ 2023 కొత్త విధానంలో రెండేళ్లయింది. నాకది నచ్చలేదు, కానీ నన్నడిగేదెవరు!

ఇక్కడ మన సంఘంలో అందరూ గర్వంగా చెప్పుకునే విషయం ఒకటి ఉంది: రిజర్వ్ బ్యాంకు గవర్నర్లుగా మన తెలుగువాళ్లు. ఎం. నరసింహం, వై. వి. రెడ్డి, దువ్వూరి సుబ్బారావు. గర్వపడండి, కాదనను. అయితే ముగ్గురిలో బీకాం ఎవరూ కాదు. సుబ్బారావుగారు ఐఐటీల్లో ఫిజిక్స్ చదివారు. రెడ్డిగారిది కడప జిల్లా పాటూరు, ఆర్థికశాస్త్రం చదివి 1964లో ఐఏఎస్‌కు వచ్చారు. 2008 సెప్టెంబరు మొదటి వారంలో రెడ్డిగారు దిగి సుబ్బారావుగారు ఎక్కారు, పది రోజుల్లో అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలింది. అంతకుముందే రియల్ ఎస్టేట్ అప్పుల మీద బ్యాంకులు ఎక్కువ మూలధనం పెట్టాలని రెడ్డిగారు బిగించినందుకు చాలామంది విసుక్కున్నారు. తర్వాత వాళ్లే మెచ్చుకున్నారు.

నరసింహంగారి గురించి కాస్త ఆగాలి. రిజర్వ్ బ్యాంకులోనే రీసెర్చ్ ఆఫీసరుగా చేరి, అక్కణ్ణుంచే గవర్నరు దాకా ఎదిగిన మనిషి. 1977లో గవర్నరుగా ఉన్నది ఏడు నెలలే. ఆయన పేరు నిలిచింది 1991 కమిటీ వల్ల. అప్పటి పరిస్థితి ఇదీ: బ్యాంకులో మీరు వంద రూపాయలు వేస్తే, 38 రూపాయల 50 పైసలు ప్రభుత్వ బాండ్లలాంటి వాటిలో పెట్టాలి, ఇంకో 15 రూపాయలు రిజర్వ్ బ్యాంకు దగ్గర ఉంచాలి. మిగిలినదాంట్లోనే అప్పులు. ఇంకా ఘోరం ఏమిటంటే, అప్పు తీసుకున్నవాడు వడ్డీ కట్టకపోయినా, కట్టినట్టే ఆదాయంలో రాసుకునే వీలుండేది. కాగితం మీద లాభం, పెట్టెలో గాలి. నరసింహం కమిటీ ఈ రెండింటినీ పట్టుకుంది. నిర్బంధ నిల్వలు తగ్గించమంది. రాని వడ్డీని ఆదాయం అనొద్దంది. కొత్త ప్రైవేటు బ్యాంకులకు తలుపు తెరవమంది. ఆ తలుపులోంచే 1994లో హెచ్‌డీఎఫ్‌సీ, ఐసీఐసీఐ లాంటి బ్యాంకులు వచ్చాయి. వాటి పోటీకే వైశ్యా బ్యాంకు లాంటి పాత బ్యాంకులకు ఊపిరాడలేదని నేననుకుంటాను. తెలుగువాడి నివేదిక తెలుగువాళ్లు పెంచిన బ్యాంకుకు గట్టి పోటీ తెచ్చింది. దీన్ని తప్పు అనలేం, కానీ చెప్పుకోవాలి.

అక్కడి నుంచి బెంగళూరులో కథ వేగం అందుకుంది. 1999 మార్చిలో ఇన్ఫోసిస్ అమెరికా నాస్‌డాక్‌లో నమోదైంది. భారతదేశంలో రిజిస్టరైన కంపెనీల్లో అదే మొదటిది. దానికి అమెరికా పద్ధతిలో లెక్కలు చూపించాలి. అప్పుడు ఆ కంపెనీ ఫైనాన్స్ చూసిన మోహన్‌దాస్ పాయ్‌గారు సెయింట్ జోసెఫ్స్ కామర్స్ కాలేజీ బీకాం, ఆపైన సీఏ. ఇంజనీర్లు కట్టిన కంపెనీని ప్రపంచం నమ్మేలా లెక్క చెప్పింది ఒక బీకాం మనిషి అన్నమాట. మరోపక్క, 1963 నాటి బెంగళూరు స్టాక్ ఎక్స్ఛేంజి బేరాలు లేక ఎండిపోయి 2014 డిసెంబరులో మూతపడింది. అప్పటికే ఈ ఊళ్లోనే జెరోధా నాలుగేళ్లుగా నడుస్తోంది. కేకలు వేసే హాలు పోయింది, ఫోనులో మీట నొక్కడం వచ్చింది.

2004లో గోల్డ్‌మన్ శాక్స్ ఇక్కడ ఆఫీసు తెరిచింది. ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు పొడుగునా విదేశీ బ్యాంకుల కేంద్రాలే. మన పిల్లలు ఫైనాన్స్ అంటున్నది ఎక్కువగా వీటిని చూసి. ఇక్కడ అమ్మానాన్నలకూ పిల్లలకూ కలిపి ఒక నిజం చెప్పాలి. బోర్డు మీద పేరు పెద్దదైనా లోపల పని అంతా ఒకటి కాదు. కొందరు కంపెనీల విలువ కడతారు, రిస్కు లెక్కలు చూస్తారు. చాలామంది రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి తేడాలు పట్టుకునే పని చేస్తారు, ఖాతాదారుల పత్రాలు సరిచూస్తారు, అదీ న్యూయార్క్ టైముకు. అది నీచమైన పని కాదు. కానీ ఐదేళ్లు అదే చేస్తే ఐదేళ్ల అనుభవం రాదు, ఏడాది అనుభవం ఐదుసార్లు వస్తుంది. కాబట్టి కాలేజీలో ఉండగానే ఒక కంపెనీ వార్షిక నివేదిక తీసుకుని, వెనకాల చిన్నక్షరాల్లో ఉండే నోట్సుతో సహా చదవడం అలవాటు చేసుకోవాలి. ఎక్సెల్ వేళ్లకు రావాలి. సీఏ అయితే ఫౌండేషన్ నాలుగు పేపర్లతో మొదలు, ఇంటర్‌లో ఆరు, ఫైనల్‌లో ఆరు. ఇది ఓపిక పరీక్ష. ఒకసారి తప్పినంత మాత్రాన ఇంట్లో చావు కబురు వచ్చినట్టు కూర్చోకండి.

ఈ చదువు వెనకాల ఇంకో నీడ ఉంది. దాన్ని దాచి రాయడం మర్యాద కాదు. 2009 జనవరి 7న హైదరాబాదులో సత్యం రామలింగరాజు ఉత్తరం బయటపడింది. ఆయన విజయవాడ లయోలా కాలేజీ బీకాం. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లని ఉంటే, అందులో 5,040 కోట్లు అసలు లేవు. మండీ గుమాస్తా ప్రతి సాయంత్రం చేసే పని, పెట్టెలో రొక్కం పుస్తకంతో సరిపోయిందా అని చూడడం. అంత పెద్ద కంపెనీలో అదే జరగలేదు. అప్పుడు సత్యంలో మన బంధువుల పిల్లలు ఎంతమంది ఉన్నారో, ఎన్ని ఇళ్లలో ఆ రాత్రి అన్నం సయించలేదో మీకు గుర్తుండే ఉంటుంది.

అంత దూరం ఎందుకు, మా ఇంటి సంగతి. మా బాబాయి రిటైరయ్యాక వచ్చిన డబ్బులో చాలా భాగం ఒక సహకార సొసైటీలో వేశాడు. పేరు వద్దు. బ్యాంకు కంటే రెండు శాతం వడ్డీ ఎక్కువ, మేనేజరు తెలిసినవాడు, ఏటా సర్వసభ్య సమావేశంలో మంచి భోజనం. ఒకరోజు షట్టరు తియ్యలేదు. బాబాయి నన్నడిగిన మొదటి ప్రశ్న "ఐదు లక్షల బీమా ఉందిగా, ఎప్పుడిస్తారు?" అని. ఆ బీమా సహకార బ్యాంకులకు ఉంటుంది, రిజర్వ్ బ్యాంకు లైసెన్సు లేని సహకార సొసైటీలకు ఉండదు. ఆ సంగతి ఆయనకు తెలియదు, చెప్పవలసిన నేను ఎప్పుడూ అడగలేదు. తర్వాత ఇంట్లో వెతికితే సొసైటీ వార్షిక నివేదికలు వరసగా నాలుగేళ్లవి దొరికాయి. అన్నిట్లోనూ లాభమే. దాంతోపాటు "రావలసిన వడ్డీ" అనే పద్దు ఏటికేడు ఉబ్బుతూ పోయింది. నరసింహం కమిటీ 1991లో వద్దన్న పనే. పుస్తకం మా ఇంటికే వచ్చింది, అల్మారాలోనే ఉంది. ముప్పయ్యేళ్లు బ్యాంకులో చేసిన నేను పండక్కి పోయి భోంచేసి వచ్చానే గాని, ఒక్కసారి తెరిచి చూడలేదు. బాబాయి ఇప్పటికీ నన్ను ఏమీ అనడు. పిన్ని అంటుంది.

ఇదంతా ఆ తండ్రికి ఫోనులో చెప్పాను. "మీ నాన్నగారి పని నుంచి మీరు తప్పించుకున్నారు, కానీ ఆ పని మీ ఇంటికి అవసరం లేకుండా పోలేదు" అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అమ్మాయిని మీ దగ్గరికి పంపిస్తాను, ఒకసారి మాట్లాడండి" అన్నారు.

బుధవారం వచ్చింది. అవెన్యూ రోడ్డులో కొన్న పాత అకౌంటెన్సీ పుస్తకం చేతిలో ఉంది. ఏం చదవాలి, ఏ కాలేజీ అని అడుగుతుందనుకున్నాను. "తాతగారూ, మన సంఘం కిందటేడాది లెక్కలు ఉంటే ఇస్తారా?" అంది. ఇచ్చాను. అరగంట చూసి, ఉగాది కార్యక్రమం పద్దు మీద వేలు పెట్టింది. హాలుకు కట్టిన 25,000 అడ్వాన్సు తిరిగి వచ్చేది కదా, దాన్ని ఖర్చు కింద ఎందుకు రాశారు, తిరిగి వచ్చినప్పుడు ఎక్కడ చూపించారు అని అడిగింది.

కిందటేడాది కోశాధికారి ఎవరో మీకందరికీ తెలుసు. నేనే. సవరించిన లెక్కలు వచ్చే సమావేశంలో పెడుతున్నాను.